హిట్ రేషియో 99.4 శాతం, అయినా రైతు ఖాతా తెరుచుకోదు: ర్యామ్ కొనే ముందు ఏం కొలవాలి

మీరు ఇచ్చిన వివరాలను ముందు ఒకచోట పెడతాను, తర్వాత వచ్చి చదివేవాళ్లకూ తలాతోకా తెలియాలి కదా. ఎనుమాముల, కేసముద్రం, ఖమ్మం మార్కెట్ యార్డుల్లోని అడ్తి (రైతు సరుకు అమ్మిపెట్టే కమీషన్) దుకాణాలకు మీరు సాఫ్ట్‌వేర్ నడుపుతున్నారు. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ 15, ఎనిమిది కోర్ల సర్వర్, 32 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. షేర్డ్ బఫర్స్ (పోస్ట్‌గ్రెస్ తన డేటా పేజీలను, అంటే 8 కేబీ ముక్కలను, ఉంచుకునే మెమరీ) 8 జీబీ, కనెక్షన్లు 120. డేటాబేస్ మొత్తం 90 జీబీ, అందులో 75 జీబీ దాకా తక్‌పట్టీల (రైతుకిచ్చే అమ్మకం చీటీల) స్కాన్ బొమ్మలే. బస్తాల వారీగా తూకాలు పడే టేబుల్‌లో దాదాపు 4 కోట్ల వరుసలు, సైజు 9 జీబీ. అక్టోబరులో మొదలైన ఈ సీజన్‌వే 35 లక్షలు. రైతు ఖాతా పేజీ అక్టోబరులో రెప్పపాటులో వచ్చేది. ఇప్పుడు మార్చి ఆఖర్లో, పొద్దున జెండా పాట (ఆ రోజు ధర తేల్చే వేలం) అయిపోయి కాంటాలు మొదలయ్యాక, ఆరేడు సెకన్లు తిరుగుతోంది. రాత్రి మీరొక్కరే తెరిస్తే 1.2 సెకన్లు. పోయినేడు కూడా ఇట్లనే నెమ్మదించి, మార్చి మధ్యలో ఎవరూ ఏమీ చేయకుండానే బాగైంది. కాష్ హిట్ రేషియో (అడిగిన డేటా పేజీల్లో మెమరీలోనే దొరికినవాటి వాటా) 99.4 శాతం. సర్వర్ అమ్మినాయన ర్యామ్ 64 జీబీకి పెంచమంటున్నాడు, మీ టీమ్‌లో ఒకాయన షేర్డ్ బఫర్స్‌ను 24 జీబీకి ఎత్తమంటున్నాడు. ఎవరి మాట వినాలి అని మీ ప్రశ్న.

ఇద్దరి మాటా వద్దు. పైసా ఖర్చు లేకుండా ఇయ్యాల సాయంత్రమే చేయగలిగిన పని ఒకటుంది. అదేంటో, అదే ఎందుకో చెప్పాలంటే మీరు పెట్టిన ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ అవుట్‌పుట్ (రైతు ఖాతా క్వెరీని, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నను, అది ఎట్లా నడిపిందో చూపే ప్లాన్) నుంచి మొదలుపెట్టాలి. ఎన్ని పేజీలు ముట్టుకుందో చెప్పే బఫర్స్ ఆప్షన్ కూడా కలిపి తీశారు కాబట్టి బతికిపోయాం. అది లేకపోతే ఇక్కడ అందరం ఊహలే రాసేవాళ్లం. 18వ వెర్షన్ నుంచి ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ అంటే బఫర్స్ దానంతటదే వస్తుంది, మీ 15లో మాత్రం అడిగి తీసుకోవాలి.

ఆ ప్లాన్‌లో నాలుగు అంకెలు చూడండి. సీజన్ కాలమ్ మీదున్న ఇండెక్స్‌తో (పుస్తకం వెనకుండే పదాల సూచిక లాంటిది) స్కాన్ చేసింది. ఎన్ని వరుసలు వస్తాయని ప్లానర్ (క్వెరీని ఏ దారిలో నడపాలో ఎంచుకునే భాగం) అనుకుందో అక్కడ 1 అని ఉంది. నిజంగా వచ్చినవి 46. ఆ కిందనే, ఫిల్టర్ తీసేసిన వరుసలు 35 లక్షలకు కొంచెం తక్కువ. బఫర్ల దగ్గర షేర్డ్ హిట్ 1,04,000, రీడ్ 600.

అంటే, ఒక రైతు తెచ్చిన 46 బస్తాల లెక్క చూపించడానికి డేటాబేస్ ఈ సీజన్‌లో మూడు యార్డుల్లో తూగిన ప్రతి బస్తా వరుసనూ ఎత్తి చూసి, ‘ఇది ఆయనది కాదు’ అని పక్కన పెట్టింది. లక్షా నాలుగు వేల పేజీలు, పేజీ 8 కేబీ లెక్కన 800 ఎంబీ పైచిలుకు. ఒక్క స్క్రీన్ కోసం. ఆ 800 ఎంబీలో దాదాపు మొత్తం ర్యామ్‌లోనే దొరికింది, ఎందుకంటే సీజన్ వరుసలను రోజంతా అందరూ తిరగేస్తూనే ఉన్నారు, అవి చల్లబడే సమస్యే లేదు. అందుకే హిట్ రేషియో అంత బాగుంది. చిట్టా పుస్తకాలన్నీ బల్ల మీదే ఉన్నా, గుమస్తా ఒక్క పేరు కోసం ప్రతి పేజీ తిప్పితే ఆలస్యం కాకుండా ఎట్లుంటది? బల్ల పెద్దది చేస్తే ఆ ఆలస్యం తగ్గదు.

హిట్ రేషియో మీద నాకున్న కోపం ఇదే. అడిగిన పేజీల్లో ఎన్ని మెమరీలో దొరికాయో అది చెప్తుంది. అసలు అన్ని పేజీలు ఎందుకు అడిగావని అడగదు. చెత్త క్వెరీ ఎంత ఎక్కువ పేజీలు తిప్పితే రేషియో అంత అందంగా కనిపిస్తుంది. మీ డేటాబేస్ మొత్తానికి 99.4 రావడంలో పెద్ద వాటా ఈ క్వెరీదే అయి ఉంటుంది, ఎందుకంటే ఒక్కసారి నడిస్తే లక్ష హిట్లు ఖాతాలో పడుతున్నాయి. దీన్ని బాగుచేశాక మీ హిట్ రేషియో పడిపోవచ్చు కూడా, 97కో 96కో. అది చూసి కంగారు పడి మళ్లీ ర్యామ్ గురించి అడగొద్దని ఇప్పుడే చెప్తున్నా.

ఇక ర్యామ్ వల్ల గరిష్ఠంగా ఎంత లాభమో తేల్చే లెక్క. డిస్క్ నుంచి అడిగినవి 600 పేజీలు. ఎస్‌ఎస్‌డీ మీద ఒక్కో యాదృచ్ఛిక రీడ్‌కు సుమారు 100 మైక్రోసెకన్లు వేసుకున్నా 60 మిల్లీసెకన్లు. మొత్తం 1,200లో 60, అంటే 5 శాతం. మీరు 64 కాదు, 640 జీబీ పెట్టినా ఈ క్వెరీ 1.14 సెకన్ల కంటే కిందికి రాదు. ఊహలెక్క వద్దనుకుంటే ట్రాక్ ఐఓ టైమింగ్ అనే సెట్టింగ్ ఆన్ చేయండి, రీస్టార్ట్ అక్కర్లేదు. అప్పుడు ప్లాన్‌లోనే రీడ్‌కు పట్టిన టైము విడిగా కనిపిస్తుంది. మొత్తం టైములో ఆ ముక్క ఎంతో అదే ర్యామ్ కొంటే మీకు మిగిలే గరిష్ఠం. అమ్మేవాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క అంకె చేతిలో పెట్టుకుని కూర్చోండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్లాన్‌లో రీడ్ అని రాసి ఉన్నంత మాత్రాన అది డిస్క్ దాకా వెళ్లినట్టు కాదు. పోస్ట్‌గ్రెస్ తన షేర్డ్ బఫర్స్‌లో లేని పేజీని లినక్స్‌ను అడుగుతుంది, లినక్స్ తన పేజ్ కాష్‌లో ఉంటే అక్కడి నుంచే ఇచ్చేస్తుంది. ఒక్కో రీడ్‌కు సగటు టైము చూస్తే తేడా తెలుస్తుంది: పది ఇరవై మైక్రోసెకన్ల లోపు ఉంటే లినక్స్ మెమరీ నుంచి, వంద చుట్టుపక్కల ఉంటే ఎస్‌ఎస్‌డీ, కొన్ని మిల్లీసెకన్లు ఉంటే తిరిగే డిస్క్ లేదా బాగా ఒత్తిడిలో ఉన్న క్లౌడ్ డిస్క్. ఇంకోటి, ‘కోల్డ్ టెస్ట్ చేశాం’ అంటూ పోస్ట్‌గ్రెస్‌ను మాత్రమే రీస్టార్ట్ చేసేవాళ్లు చాలామంది. దాంతో షేర్డ్ బఫర్స్ ఖాళీ అవుతాయి గానీ లినక్స్ కాష్ అలాగే ఉంటుంది. నిజంగా చల్లగా కొలవాలంటే టెస్ట్ మెషీన్ మీద లినక్స్ కాష్‌ను ఖాళీ చేసే డ్రాప్ కాషెస్ కూడా చేయాలి. నడిచే సర్వర్ మీద మాత్రం దాని జోలికి పోకండి.

రాత్రి 1.2 సెకన్లది పగలు ఆరేడు ఎందుకు అవుతోంది? ఇదంతా సీపీయూ పని. ఎనిమిది కోర్లు ఉన్నాయి. పాట ముగిశాక ఒక్కసారిగా నలభై దుకాణాల్లో గుమస్తాలు ఖాతాలు తెరిస్తే, నలభై క్వెరీలు ఒక్కోటి సెకనుకు పైగా కోరును మింగుతూ ఎనిమిది కోర్ల మీద వంతుల వారీగా నడుస్తాయి. 40 బై 8 అయిదు, అయిదింతలు 1.2 ఆరు సెకన్లు. మీరు చెప్పిన అంకెతో సరిపోయింది చూడండి. పదకొండు గంటలప్పుడు టాప్ కమాండ్ పెట్టి చూడండి, యూజర్ సీపీయూ నిండి ఉండి, ఐఓ వెయిట్ (డిస్క్ కోసం ఆగిన టైము) దాదాపు సున్నా ఉంటుందని నా పందెం.

ఇప్పుడు అసలు దోషి. రైతు ఐడీ మీద ఇండెక్స్ ఉండగా ప్లానర్ సీజన్ ఇండెక్స్‌ను ఎందుకు పట్టుకుంది? అంచనా 1 అని ఉంది కదా, ఆ ఒకటి ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రతి ఆగస్టులో పని తక్కువగా ఉన్నప్పుడు వాక్యూమ్ అనలైజ్ నడుపుతామని రాశారు (వాక్యూమ్ పనికిరాని పాత వరుసలను ఊడుస్తుంది; ఈ అనలైజ్ ఎక్స్‌ప్లెయిన్‌తో వచ్చేది కాదు, ప్లానర్ కోసం టేబుల్ లెక్కలు రాసుకునే కమాండ్). మంచి అలవాటే, కానీ ఈసారి కథ అక్కడే మొదలైంది. ఆగస్టు నాటికి సీజన్ కాలమ్‌లో ఎనిమిది విలువలే ఉన్నాయి. అనలైజ్ ఆ ఎనిమిదింటినీ తరచుగా వచ్చే విలువల జాబితాలో రాసుకుంది, వాటి వాటాలన్నీ కలిపితే నూటికి నూరు. అక్టోబరులో తొమ్మిదో సీజన్ మొదలైంది. ప్లానర్‌ను తొమ్మిదో సీజన్ వరుసలు ఎన్ని అని అడిగితే అది జాబితా చూసి, ఎనిమిదింటికే వంద శాతం అయిపోయింది, తొమ్మిదోదానికి మిగిలింది ఏమీ లేదు అనుకుంటుంది. సున్నా అని రాయదు, కనీసం ఒకటి అని రాస్తుంది. ఒకే వరుస ఇచ్చే ఇండెక్స్ కళ్ల ముందుంటే రైతు ఇండెక్స్ ఎందుకు పట్టుకుంటుంది? అక్టోబరులో ఆ అబద్ధం ఖరీదు తక్కువ, ఎందుకంటే సీజన్ వరుసలు వేలల్లోనే ఉన్నాయి. పత్తి వచ్చి, ఫిబ్రవరి నుంచి మిర్చి పోటెత్తి, వరుసలు 35 లక్షలయ్యేసరికి అదే ప్లాన్ మెడకు చుట్టుకుంది.

మరి పోస్ట్‌గ్రెస్ దానంతటదే నడిపే ఆటో వాక్యూమ్ మధ్యలో అనలైజ్ చేయదా? చేస్తుంది. కానీ ఎప్పుడంటే, మారిన వరుసలు టేబుల్‌లో 10 శాతం, దాని మీద ఇంకో 50 దాటినప్పుడు. ఇవి డిఫాల్ట్ విలువలు, మీరు మార్చినట్టు లేదు. ఆగస్టులో మీ టేబుల్ దాదాపు 3.65 కోట్లు, అందులో పదో వంతు 36.5 లక్షలు. ఇప్పటికి పడ్డవి 35 లక్షలు. అంటే ఇంకొన్ని రోజులు ఓపిక పడితే ఆటో అనలైజ్ నడిచి, ఒక పొద్దున పేజీ మళ్లీ రెప్పపాటులో వస్తుంది. పోయినేడు మార్చి మధ్యలో జరిగింది అదే. అప్పుడు టేబుల్ చిన్నది, పదో వంతూ చిన్నది, తొందరగా దాటింది. ఈ ఏడు టేబుల్ పెరిగింది కాబట్టి గీత ఇంకా దూరం జరిగింది. వచ్చే ఏడు ఇంకా ఆలస్యమవుతుంది. ఈలోపు గనుక ర్యామ్ కొని పెట్టి ఉంటే, నాలుగు రోజుల్లో అంతా బాగై, ర్యామ్ వల్లే బాగైందని అందరూ నమ్మేవాళ్లు. మళ్లీ మార్చిలో ఇంకో 64 జీబీ.

ఇది నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. పీజీ స్టాట్ యూజర్ టేబుల్స్ అనే వ్యూలో ఆ టేబుల్ వరుస తీయండి. చివరి అనలైజ్, చివరి ఆటో అనలైజ్ తేదీలు ఉంటాయి, అనలైజ్ తర్వాత మారిన వరుసల సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య 35 లక్షల దగ్గర కనిపిస్తే ఇంకేం తేల్చాల్సింది లేదు.

మందు: ఆ టేబుల్ మీద అనలైజ్ నడపండి. అది టేబుల్ మొత్తం చదవదు, డిఫాల్ట్ సెట్టింగ్‌తో 30,000 వరుసల నమూనా తీస్తుంది. చదవడాన్నీ రాయడాన్నీ ఆపదు, దుకాణాలు తెరిచి ఉండగానే చేయవచ్చు. తర్వాత ఈ ఒక్క టేబుల్‌కు ఆటో వాక్యూమ్ అనలైజ్ స్కేల్ ఫ్యాక్టర్‌ను సున్నా చేసి, థ్రెషోల్డ్‌ను యాభై వేలో లక్షో పెట్టండి. టేబుల్ ఎంత పెరిగినా లక్ష బస్తాలకోసారి లెక్క కొత్తదవుతుంది. మూడోది, రైతు ఐడీ, సీజన్ రెండూ కలిపి ఒక ఇండెక్స్ వేయండి, కన్‌కరెంట్‌లీ అనే మాట మరవకండి, లేకపోతే అది తయారయ్యేంతసేపు తూకాలు పడవు. ఈ ఇండెక్స్ ఉంటే స్టాటిస్టిక్స్ పాతబడ్డా ప్లానర్ పెద్ద గోతిలో పడే అవకాశం బాగా తగ్గుతుంది. సీజన్ ఒక్కదాని మీదున్న ఇండెక్స్ నిజంగా ఎవరికైనా పనికొస్తోందా అన్నది కొన్ని వారాలు స్కాన్ కౌంటు చూసి, వద్దనుకుంటే తీసేయండి. టేబుల్‌ను సీజన్ల వారీగా పార్టిషన్ చేయమని ఇక్కడ ఎవరో ఒకరు తప్పక సలహా ఇస్తారు. మంచిదే, కానీ వానాకాలంలో చేసుకోండి. మిర్చి పోటు మీద ఉన్నప్పుడు కాదు.

దీని తర్వాత అదే ఎక్స్‌ప్లెయిన్ మళ్లీ తీయండి. ఒక రైతు బస్తాలు వరసగా తూగుతాయి కాబట్టి ఆయన వరుసలు పక్కపక్క పేజీల్లోనే ఉంటాయి. బఫర్లు లక్ష నుంచి పదుల్లోకి రావాలి. రాకపోతే ఆ ప్లాన్ ఇక్కడ పెట్టండి.

ఇదంతా ఒక క్వెరీ సంగతి. ఇలాంటివి ఇంకెన్ని దాక్కున్నాయో తెలియాలంటే పద్ధతిగా కొలవాలి. ఏ క్వెరీ ఎన్నిసార్లు నడిచి ఎంత టైము తిందో లెక్కపెట్టే పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ లేకుండా పోస్ట్‌గ్రెస్ నడపడం కాంటా లేకుండా పత్తి కొన్నట్టే అని అందరూ అంటారు, కానీ ఆన్ చేసినవాళ్లలో కూడా చాలామంది దాన్ని తప్పుగా చదువుతారు. ముందు షేర్డ్ ప్రీలోడ్ లైబ్రరీస్‌లో దాని పేరు చేర్చి, రాత్రి రీస్టార్ట్ చేసి, ఎక్స్‌టెన్షన్ క్రియేట్ చేయండి. తర్వాత అందులోని అంకెలు పుట్టినప్పటి నుంచి పోగైనవి అని గుర్తుంచుకోండి. రాత్రి బ్యాకప్, నెలాఖరు రిపోర్టు, పాట టైము, అన్నీ కలిసి ఒకే కుప్పలో ఉంటాయి. పొద్దున ఏడింటికి ఆ వ్యూను ఒక టేబుల్‌లోకి కాపీ చేయండి, మధ్యాహ్నం రెండింటికి మళ్లీ. రెండింటి తేడా తీస్తేనే యార్డు టైములో ఏం జరిగిందో కనిపిస్తుంది.

ఆ తేడాను సగటు టైముతో కాకుండా మొత్తం టైముతో పైనుంచి కిందికి పేర్చండి. రోజుకు ఒక్కసారి నడిచే నలభై సెకన్ల రిపోర్టు కంటే, లక్ష సార్లు నడిచే 30 మిల్లీసెకన్ల క్వెరీ మీ సర్వర్‌ను ఎక్కువ తింటుంది. లెక్క వేస్తే యాభై నిమిషాల సీపీయూ. నేను అదనంగా రెండు కాలమ్‌లు వేసుకుంటాను: ఒక్కో పిలుపుకు ఎన్ని బఫర్లు, ఒక్కో వరుసకు ఎన్ని బఫర్లు. హిట్, రీడ్ కలిపి, పిలుపులతో ఒకసారి, వచ్చిన వరుసలతో ఒకసారి భాగించాలి. మీ ఖాతా పేజీకి రెండోది 2,200 దాటుతుంది. సమ్‌లు, కౌంట్‌లు చేసే రిపోర్టులను పక్కన పెడితే, వరుసకు పదీ ఇరవైకి మించి పోయేవన్నీ అనుమానితులే. టైము కంటే ఈ అంకె మీద నాకు నమ్మకం ఎక్కువ, ఎందుకంటే టైము రాత్రికి ఒకటి, పగటికి ఒకటి, మీ ల్యాప్‌టాప్‌లో ఒకటి. అదే ప్లాన్, అదే డేటా అయితే బఫర్ల సంఖ్య దాదాపు ఎక్కడైనా అదే.

సగటు దాచే విషయం ఇంకొకటి ఉంది. మూడు బస్తాలు తెచ్చిన రైతు, ఏడాదికి వేల బస్తాలు కొనే ఖరీదుదారు, ఇద్దరి ఖాతా పేజీకీ క్వెరీ ఒకటే. స్టేట్‌మెంట్స్ వ్యూలో విలువల స్థానంలో గుర్తులే ఉంటాయి, ఇద్దరూ ఒకే వరుసలో కలిసిపోతారు. స్టాండర్డ్ డీవియేషన్ కాలమ్ సగటు కంటే చాలా ఎక్కువ ఉంటే ఇట్లాంటిదే అనుకోండి. అప్పుడు లాగ్ మిన్ డ్యూరేషన్ స్టేట్‌మెంట్‌ను 500 మిల్లీసెకన్లకు పెట్టి, దాటినవాటిని అసలు విలువలతో సహా లాగ్‌లో పట్టుకోవాలి. ప్లాన్ కూడా ఆ క్షణంలోదే కావాలంటే ఆటో ఎక్స్‌ప్లెయిన్ మాడ్యూల్ వాడండి, అందులో టైమింగ్ ఆఫ్ చేసి పెడితే భారం తక్కువ. పీజీ అడ్మిన్‌లో చేత్తో విలువలు రాసి నడిపితే వచ్చే ప్లాన్, అప్లికేషన్ ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌తో (క్వెరీని ముందే ఇచ్చి విలువలు తర్వాత పంపే పద్ధతి) నడిపితే వచ్చే ప్లాన్ ఒకటే కావాలని లేదు. అయిదుసార్లు నడిచాక పోస్ట్‌గ్రెస్ విలువలు చూడని ఉమ్మడి ప్లాన్‌కు మారవచ్చు. ‘నా దగ్గర బాగానే నడుస్తోంది’ అన్న గొడవల్లో సగం ఇక్కడివే.

ఎక్స్‌ప్లెయిన్ చదివేటప్పుడు లూప్స్ అనే అంకెను వదిలేయొద్దు. ప్లాన్‌లో ఒక నోడ్ (మెట్టు) దగ్గర 0.02 మిల్లీసెకన్లు అని ఉండి, లూప్స్ 50,000 అని ఉంటే, ఆ నోడ్ ఒక సెకను తిన్నట్టు. అక్కడ రాసేది ఒక్కో లూపు సగటు. బఫర్లు మాత్రం అన్ని లూపులకూ కలిపి రాస్తుంది. ఇంకోటి, ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ క్వెరీని నిజంగానే నడుపుతుంది. అప్‌డేట్, డిలీట్ మీద వాడితే బిగిన్ పెట్టి, చూసుకుని, రోల్‌బ్యాక్ చేయండి.

ఇప్పుడు మెమరీ సైజు. మీ డేటాబేస్ 90 జీబీ కాబట్టి 32 జీబీ చాలదు అన్నది అమ్మేవాడి లెక్క. బొమ్మలు తీసేస్తే మీది 15 జీబీ. షేర్డ్ బఫర్స్ 8, అది కాక లినక్స్ పేజ్ కాష్‌కు మిగిలేది ఇంకో 18, 20 జీబీ. అంటే బొమ్మలు తప్ప మీ డేటా అంతా ఇప్పటికే ర్యామ్‌లో పట్టేస్తుంది. ఏ సైజు ఎంత కావాలన్నది డేటాబేస్ సైజును బట్టి కాదు, యార్డు నడిచే గంటల్లో మళ్లీ మళ్లీ ముట్టుకునే పేజీలను బట్టి తేలాలి. 1987లో జిమ్ గ్రే, ఫ్రాంకో పుట్జొలు రాసిన ఐదు నిమిషాల సూత్రం కూడా ఈ ప్రశ్నకు పెట్టిన లెక్కే: అప్పటి ధరల ప్రకారం ఐదు నిమిషాలకోసారైనా వాడే పేజీని డిస్క్ నుంచి పదే పదే తెచ్చుకోవడం కంటే మెమరీలో ఉంచుకోవడం చౌక. మూడేళ్ల కిందటి తక్‌పట్టీ బొమ్మను ఐదు నిమిషాలకోసారి ఎవరు చూస్తారు?

వాడుక ఎంతో కొలవడానికి పీజీ బఫర్ కాష్ ఎక్స్‌టెన్షన్ ఉంది. 8 జీబీ అంటే 10,48,576 బఫర్లు. ఒక్కోదానికి సున్నా నుంచి అయిదు వరకు వాడుక అంకె ఉంటుంది. ఎవరైనా ముట్టుకుంటే పెరుగుతుంది, కొత్త పేజీకి చోటు వెతుకుతూ గడియారం ముల్లులా తిరిగే పద్ధతి దాన్ని ఒక్కొక్కటి తగ్గిస్తుంది. రద్దీ టైములో ఈ అంకె వారీగా, టేబుల్ వారీగా బఫర్లను లెక్కపెట్టండి. సున్నాలు, ఒకట్లు, ఖాళీవి బాగా ఉంటే మీకున్నది చాలు. దాదాపు అన్నీ నాలుగు, అయిదు మీదే ఉండి, రీడ్‌లు కూడా ఎక్కువగా ఉండి, ఆ రీడ్‌ల టైము మొత్తంలో పెద్ద ముక్క అయితే, అప్పుడు మెమరీ గురించి మాట్లాడవచ్చు. మూడూ కలవాలి. ఒక్కటి చూసి కొనొద్దు. అప్పుడు కూడా 99 నుంచి 99.9కి పోవడం చిన్న విషయం కాదని గుర్తుంచుకోండి. డిస్క్ రీడ్‌లు పదో వంతుకు పడిపోతాయి. రేషియోలో అది ఒక శాతం కూడా కనిపించదు. అందుకే మిస్సులనే చూడాలి.

మీ బఫర్ కాష్‌లో బొమ్మల టేబుల్ తాలూకు టోస్ట్ (పెద్ద విలువలను ముక్కలు చేసి దాచే చోటు) పేజీలు ఎన్ని ఉన్నాయో ప్రత్యేకంగా చూడండి. మూడు వందల కేబీల బొమ్మ ఒక్కటి తెరిస్తే నలభై పేజీల దాకా బఫర్లలోకి వస్తాయి. పెద్ద టేబుల్‌ను వరసగా చదివేటప్పుడు పోస్ట్‌గ్రెస్ 256 కేబీల చిన్న రింగులోనే తిప్పుకుని మిగతా కాష్‌ను కాపాడుతుంది గానీ, టోస్ట్ ముక్కలు ఇండెక్స్ ద్వారా వస్తాయి కాబట్టి ఆ రక్షణ వాటికి లేదు. రాత్రి డంప్ తీసినప్పుడు 75 జీబీ బొమ్మలు ఆ దారినే పోతాయి. పొద్దున మొదటి అరగంట అన్నీ నెమ్మదిగా ఉంటున్నాయంటే నేనైతే ముందు దీన్నే అనుమానిస్తాను. ఆ బొమ్మలను డేటాబేస్ బయట ఫైళ్లుగా పెట్టి, లోపల ఫైలు ఎక్కడుందో మాత్రమే రాసుకుంటే బ్యాకప్ కూడా ఆరో వంతు అవుతుంది. ర్యామ్‌కు పెట్టే డబ్బు ఈ పనికి పెట్టండి.

షేర్డ్ బఫర్స్ 24 జీబీ అన్న మాట. మొదట మెమరీలో పాతిక శాతంతో మొదలుపెట్టమని, నలభై శాతం దాటితే లాభం ఉండే అవకాశం తక్కువని పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషనే చెప్తుంది. 24 పెడితే మిగతా 8లోనే లినక్స్, దాని పేజ్ కాష్, మీ 120 కనెక్షన్లు, వాటి సార్టింగులు అన్నీ సర్దుకోవాలి. నెలాఖరు రిపోర్టు ఒక్కటి పడితే లినక్స్ మెమరీ చాలక ఏదో ఒక పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్‌ను చంపవచ్చు. ఒక్కటి అలా చస్తే పోస్ట్‌గ్రెస్ మిగతా కనెక్షన్లన్నీ తెంపి, రికవరీ చేసుకుని మళ్లీ లేస్తుంది. కాంటాల టైములో ఆ ముచ్చట మీకు వద్దు. ఎఫెక్టివ్ కాష్ సైజ్ మాత్రం 22 జీబీ చుట్టుపక్కల పెట్టుకోండి. అది మెమరీ ఏమీ తీసుకోదు, ఇంత కాష్ ఉందని ప్లానర్‌కు చెప్పడమే.

120 కనెక్షన్లు అన్నారు కాబట్టి ఎవరూ లెక్కపెట్టని ఖర్చు ఒకటి చెప్తా. 8 జీబీ షేర్డ్ బఫర్స్‌ను లినక్స్ తన 4 కేబీ పేజీలుగా మ్యాప్ చేయాలంటే ఇరవై లక్షల పైచిలుకు ఎంట్రీలు, ఒక్కోటి 8 బైట్లు, అంటే ప్రాసెస్‌కు 16 ఎంబీ. బఫర్లన్నీ ముట్టుకున్న 120 ప్రాసెస్‌లకు దాదాపు 1.9 జీబీ, కేవలం పేజ్ టేబుళ్లకే. హ్యూజ్ పేజెస్ (4 కేబీకి బదులు చాలా పెద్ద పేజీలు) వాడితే ఇది నామమాత్రమవుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో అది ట్రై మీదే ఉంటుంది, కానీ లినక్స్ వైపు మీరు పేజీలు కేటాయించకపోతే చప్పుడు చేయకుండా మామూలు పేజీలకు పోతుంది. ఎన్ని కావాలో 15వ వెర్షన్ నుంచి షేర్డ్ మెమరీ సైజ్ ఇన్ హ్యూజ్ పేజెస్ అనే విలువ చూస్తే అదే చెప్తుంది. ఆపైన, ఎనిమిది కోర్లకు 120 కనెక్షన్లు ఎందుకు? ముందు పీజీ బౌన్సర్ (కనెక్షన్లను పంచిపెట్టే మధ్యవర్తి) పెట్టి ఇరవై చేస్తే సీపీయూ వంతుల గోల కూడా తగ్గుతుంది.

వర్క్ మెమ్ (సార్ట్‌లకు, హ్యాష్‌లకు ఇచ్చే మెమరీ) విషయంలో జాగ్రత్త. డిఫాల్ట్ 4 ఎంబీ. అది కనెక్షన్‌కు కాదు, ప్రతి సార్ట్‌కూ విడిగా. హ్యాష్‌లకైతే మీ వెర్షన్‌లో దానికి రెండింతలు. ప్యారలల్ వర్కర్లు ఉంటే వాళ్లందరికీ మళ్లీ విడిగా. అందరికీ 64 ఎంబీ అని పెడితే 120 కనెక్షన్లు తలా రెండు సార్ట్‌లు చేసిన రోజు 15 జీబీ. అందరికీ చిన్నగానే ఉంచి, రిపోర్టులకు వేరే రోల్ చేసి ఆ రోల్‌కే 256 ఎంబీ ఇవ్వండి. ఎవరికి చాలట్లేదో తెలియాలంటే లాగ్ టెంప్ ఫైల్స్‌ను సున్నాకు పెట్టండి, డిస్క్ మీదకు పొంగిన ప్రతి సార్ట్ సైజుతో సహా లాగ్‌లో పడుతుంది. ఒకటి గుర్తుంచుకోండి, డిస్క్ మీద 200 ఎంబీ అని రాసిన సార్ట్ మెమరీలో పట్టాలంటే 200 కంటే బాగానే ఎక్కువ కావాలి.

చివర్లో రెడిస్ (మెమరీలో నడిచే విడి కాష్ సర్వర్) పెట్టాలా అని ఒక లైను రాశారు. ఇయ్యాల్టి తేజ, వండర్ హాట్, చపాటా మిర్చి రకాల పాట ధరలు పట్టుమని పాతిక వరుసలు. వాటిని అప్లికేషన్ మెమరీలోనే ముప్పై సెకన్లు పెట్టుకుంటే చాలు, దానికోసం ఇంకో సర్వర్ అక్కర్లేదు. రైతుకు ఇవ్వాల్సిన బాకీ మొత్తాన్ని మాత్రం ఏ కాష్‌లోనూ పెట్టొద్దు. చెల్లింపు ఎంట్రీ పడ్డాక పాత బాకీ స్క్రీన్ మీద కనిపిస్తే దుకాణంలో జరిగే గొడవ మీకు తెలుసు. ఎప్పటికైనా రెడిస్ పెట్టాల్సి వస్తే మ్యాక్స్ మెమరీ ముందే రాయండి. రాయకపోతే 64 బిట్ మెషీన్ మీద దానికి హద్దు లేదు, పోస్ట్‌గ్రెస్ పక్కనే కూర్చుని దాని మెమరీ తింటుంది. సైజు కోసం నిజమైన కీలు కొన్ని వేసి మెమరీ యూసేజ్ కమాండ్‌తో ఒక్కోటి ఎంతో చూసి, కీల సంఖ్యతో గుణించుకోండి. తర్వాత ఎవిక్టెడ్ కీస్ (చోటు చాలక తీసేసిన కీలు) అంకె పెరుగుతోందా లేదా అన్నది కనిపెట్టుకుని ఉండండి.

ముందు ఆ అనలైజ్ నడిపి, రేపు పదకొండింటి ప్లాన్ ఇక్కడ పెట్టండి. స్టేట్‌మెంట్స్ తేడా టేబుల్‌లో పైనున్న పది క్వెరీలు కూడా పెడితే, తర్వాత దేని సంగతి చూడాలో చెప్తాను.